250 వాట్ల యాంప్‌తో 400 వాట్ల బాక్సుల యూనిట్లు ఎందుకు కాలాయి, ఇప్పుడు ఏ యాంప్ కొనాలి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివా. 15 అంగుళాల టాప్స్ (స్టాండ్ మీద పెట్టే బాక్సులు) రెండు, ఒక్కోటి 400 వాట్స్ ఆర్‌ఎంఎస్ (ఆగకుండా మొయ్యగలిగే పవర్), 8 ఓమ్స్, సెన్సిటివిటీ 97 డీబీ. షాపు అతను "యాంప్ ఎప్పుడూ బాక్సు కంటే తక్కువే ఉండాలి, అప్పుడే కాలవు" అని చానల్‌కి 250 వాట్ల యాంప్ అంటగట్టాడు. మంగళగిరి దగ్గర ఖాళీ స్థలంలో రిసెప్షన్‌కి పెడితే రాత్రి తొమ్మిదిన్నరకి రెండు బాక్సుల్లోనూ పైన ఉండే హైస్ యూనిట్లు (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు) పోయాయి, బేస్ పలికే పెద్ద స్పీకర్లు, అంటే వూఫర్లకి ఏం కాలేదు. యాంప్ నాబ్ సగం కూడా దాటలేదు, యాంప్ మీద క్లిప్ లైటు (సిగ్నల్ హద్దు దాటి కోసుకుపోతోందని చెప్పేది) వెలగలేదు, మిక్సర్‌లో మాత్రం ఎర్ర లైట్లు వెలుగుతూనే ఉన్నాయి అన్నావు. ఇప్పుడు ఇంకా చిన్న యాంప్ కొనాలా, పెద్దది కొనాలా అన్నది నీ ప్రశ్న.

చిన్నది మాత్రం కొనకు. పెద్దది కొన్నా అదే స్థలంలో అవే రెండు బాక్సులు పెడితే మళ్ళీ ఇదే జరుగుతుంది, ఈసారి వూఫర్లు కూడా పోతాయి. నీ బాక్సులు కాలింది వాట్స్ తక్కువై కాదు, ఎక్కువై కాదు. నాలుగు బాక్సులు చేయాల్సిన పని రెండిటితో చేయించబోయారు, సౌండ్ చాలక ఒకళ్ళు మిక్సర్ తోసుకుంటూ పోయారు, అక్కడ పోయాయి. ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే గుంటూరులో ఇరవై రెండేళ్ళుగా ఈ పనే చేస్తున్నా, సగం రెంటల్ సగం రిపేరు, నా టేబుల్ మీదకి వచ్చే కాలిన యూనిట్లలో ఎక్కువ భాగం ఇలాంటివే.

ముందు ఆ యూనిట్ విప్పావా? వెనక మ్యాగ్నెట్ కవర్ స్క్రూలు తీసి డయాఫ్రమ్ (సౌండ్ పుట్టించే పలచటి పొర) బయటికి తియ్యి. దాని చుట్టూ ఉంగరంలాగా సన్నటి కాయిల్ ఉంటుంది, వెంట్రుక కంటే కొంచెం మందం తీగ. అది చుట్టూ ఒకే రకంగా గోధుమ రంగుకో నలుపుకో తిరిగి, వార్నిష్ మాడిన వాసన వస్తుంటే అది వేడికి పోయిందని అర్థం, అంటే చాలాసేపు ఆగకుండా పవర్ వెళ్ళింది. కాయిల్ శుభ్రంగా మెరుస్తూ ఉండి డయాఫ్రమ్ పగిలిందంటేనో, కాయిల్ నుంచి టెర్మినల్‌కి వచ్చే చిన్న తీగ తెగిందంటేనో అది దెబ్బకి పోయినట్టు, అంటే ఆన్‌లో ఉండగా జాక్ పీకడం, మైక్ కింద పడెయ్యడం, యూనిట్‌కి వెళ్ళకూడని బేస్ వెళ్ళడం లాంటివి. రెండు బాక్సులవీ ఒకేసారి పోయాయి కాబట్టి నీది వేడే అని నేను అనుకుంటున్నా, అయినా కళ్ళతో చూడు, ఎందుకంటే కారణం తెలియకుండా డయాఫ్రమ్ మారిస్తే ఆ డబ్బులు కూడా పోతాయి.

సరే, 250 వాట్ల యాంప్ 400 వాట్ల బాక్సుని ఎలా కాలుస్తుంది? ఇక్కడే అందరూ పొరపాటు పడేది. 250 వాట్స్ అని రాసేది సైన్ వేవ్ (ఒకే స్వరం ఆగకుండా మోగే నునుపైన తరంగం) లెక్క. ఆ యాంప్ పీక్‌లో క్షణకాలం 500 దాకా ఇస్తుంది. మామూలుగా బాగా రికార్డు చేసిన పాటలో పీక్‌కీ సగటుకీ 12 డీబీ తేడా ఉంటుందనుకో, అంటే సగటు పవర్ పీక్‌లో 16వ వంతు, ఫుల్ వాల్యూమ్‌లో పెట్టినా బాక్సుకి వెళ్ళేది సుమారు 31 వాట్సే. ఇప్పుడు సిగ్నల్ క్లిప్ అయ్యిందనుకో, తరంగం తల మీద కోసేసినట్టు చదునైపోతుంది, పీక్ పెరగదు గానీ దాని కింద ఉన్నదంతా పైకి వస్తుంది. తేడా 12 నుంచి 6 డీబీకి పడిపోతే సగటు 125 వాట్స్ అవుతుంది, నాలుగింతలు. పూర్తిగా చతురస్రంగా అయిపోతే అదే 250 వాట్ల యాంప్ నుంచి 500 వాట్స్ ఆగకుండా వెళ్తాయి. కొంతమంది క్లిప్ అయితే డీసీ వెళ్ళి కాలుతుందంటారు, అది నిజం కాదు, కాల్చేది పెరిగిన సగటు పవరే.

ఈ పెరిగినదాంట్లో హైస్ వాటా ఇంకా ఎక్కువ. హద్దుకి ముందు తగిలేది బేస్ తరంగం తలే, అది కోసుకుపోయి ఆగిపోతుంది, కానీ మిక్సర్ తోస్తున్నంతసేపూ హైస్ మాత్రం పెరుగుతూనే ఉంటాయి, పైగా కోసిన అంచుల వల్ల కొత్త హైస్ పుడతాయి. వూఫర్ కాయిల్ పెద్దది, కోన్ ముందుకీ వెనక్కీ కదులుతూ గాలి పంపు చేసుకుంటుంది. హైస్ యూనిట్ కాయిల్ చిన్నది, కదలిక ఉండీ లేనట్టు ఉంటుంది, వేడి పోయే దారి తక్కువ. బాక్సు 400 వాట్స్ అని ప్లేట్ మీద ఉన్నా అందులో యూనిట్ ఒక్కటే మొయ్యగలిగేది దానిలో చిన్న భాగం, ఆ అంకె ప్లేట్ మీద చాలామంది వెయ్యరు. దీనికి తోడు ఆ రోజు డీజే ట్రెబుల్ ఎంతలో పెట్టాడో అడుగు. మనవాళ్ళు ట్రెబుల్, బేస్ రెండూ చివరిదాకా తిప్పి మధ్యది తగ్గిస్తారు, ట్రెబుల్ 6 డీబీ పెంచితే యూనిట్‌కి నాలుగింతల పవర్, 12 డీబీ పెంచితే 16 ఇంతలు.

మరి యాంప్ క్లిప్ లైటు ఎందుకు వెలగలేదు అంటే, క్లిప్ అయ్యింది యాంప్‌లో కాదు, అంతకు ముందే మిక్సర్‌లో. యాంప్ మీద లైటు యాంప్ సంగతే చెప్తుంది, దానికి ముందే కోసేసి వచ్చిన సిగ్నల్‌ని అది ఉన్నది ఉన్నట్టు పెద్దది చేసి పంపిస్తుంది. ఇంకోటి, యాంప్ నాబ్ సగంలో పెడితే సగం పవరే వస్తుందని అనుకున్నారు చూడు, అది చాలా ప్రమాదం. ఆ నాబ్ వచ్చే సిగ్నల్‌ని తగ్గిస్తుంది అంతే, పవర్‌కి హద్దు వెయ్యదు, లోపలికి గట్టి సిగ్నల్ వస్తే సగంలో ఉండి కూడా ఫుల్ పవర్ ఇచ్చేస్తుంది. అసలు ఆ నాబ్ బాగా తగ్గించబట్టే మిక్సర్‌ని ఎర్ర లైట్ల దాకా తొయ్యాల్సి వచ్చింది. దీన్ని తిప్పి చెయ్యాలి. మిక్సర్ మీటర్ 0 దగ్గర ఆడుతూ గట్టి చోట్ల +6 దాకా వెళ్ళేలా చానల్ గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్) పెట్టుకో, ఏ చానల్ పీక్ లైటూ వెలగకూడదు, ల్యాప్‌టాప్‌లో ఈక్వలైజర్ ఉంటే తీసెయ్యి. ఆ తర్వాత యాంప్ నాబ్ నెమ్మదిగా తెరుచుకుంటూ వచ్చి కావాల్సినంత వచ్చిన చోట ఆపి టేప్ ముక్క అంటించు. ఇక ఎవరొచ్చి పెంచమన్నా మిక్సర్ ఫేడర్ (పైకీ కిందకీ జరిపే వాల్యూమ్ మీట) దాటి చెయ్యి పోకూడదు.

ఇప్పుడు అసలు ఆ రోజు ఎంత సౌండ్ కావాల్సి వచ్చిందో లెక్క వేద్దాం, ఇది చూస్తే నీకే తెలుస్తుంది. 97 డీబీ అంటే 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో 97. వాట్స్ రెండింతలైతే 3 డీబీ పెరుగుతుంది, పదింతలైతే 10. కాబట్టి 250 వాట్స్‌కి 24 డీబీ కలిపితే 1 మీటర్ దగ్గర 121. ఖాళీ స్థలంలో దూరం రెండింతలైన ప్రతిసారీ 6 డీబీ పోతుంది, 2, 4, 8, 16, 32, ఐదుసార్లు, 30 డీబీ. చివరి కుర్చీ 32 మీటర్ల దూరంలో ఉందనుకుంటే అక్కడ 91. అది సైన్ వేవ్‌తో ఫుల్ పవర్ లెక్క, పాట సగటు దానికంటే 9, 10 తక్కువే ఉంటుంది కాబట్టి 81, 82. భోజనాల దగ్గర మనవాళ్ళు మాట్లాడుకునే గోలే దానికి దగ్గరగా ఉంటుంది. రెండో బాక్సు కూడా ఉందిగా అంటావేమో, స్టేజికి చెరో పక్కా పెట్టారు కాబట్టి ఎవరికైనా దగ్గరున్నదే ఎక్కువ వినిపిస్తుంది, రెండూ కలిసినా మహా అయితే 3 డీబీ. అందుకే వెనక నుంచి "వినపడట్లేదు, పెంచండి" అని మనిషి వస్తాడు, ముందు వరసలో ముసలివాళ్ళు చెవులు మూసుకుంటుంటారు.

అక్కడ 500 వాట్ల యాంప్ ఉంటే? 3 డీబీ. పెంచామని తెలుస్తుంది గానీ వెనకవాళ్ళ మొహాల్లో తేడా ఉండదు. మన చెవికి సౌండ్ రెండింతలైనట్టు అనిపించాలంటే 10 డీబీ కావాలి, అంటే 2500 వాట్స్, నీ 400 వాట్ల బాక్సుకి. అదే ఇంకో రెండు బాక్సులు తెచ్చి స్టేజికి 20 మీటర్ల దూరంలో జనం మధ్యలో చెరో పక్క స్టాండ్ మీద పెడితే చివరి కుర్చీకి దూరం 32 నుంచి 12కి పడిపోతుంది, అదే పవర్‌తో 8 డీబీకి పైగా లాభం, ముందున్నవాళ్ళకి చెవులు పగలవు. వాటికి డిలే పెట్టాలి, అంటే సౌండ్‌ని కాస్త ఆలస్యంగా పంపాలి, లేకపోతే మాట రెండుసార్లు వినిపించి గజిబిజి అవుతుంది. మన ఎండాకాలం గాలిలో శబ్దం సెకనుకి సుమారు 350 మీటర్లు వెళ్తుంది, 20 మీటర్లకి 57 మిల్లీసెకన్లు, డిజిటల్ మిక్సర్‌లో గానీ చిన్న ప్రాసెసర్‌లో గానీ ఆ అంకె కొట్టడమే. రాత్రి పది తర్వాత ఎలాగూ ఆపాలి, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట సాధారణంగా లౌడ్‌స్పీకర్ వాడకూడదు, పగలు కూడా బహిరంగ స్థలం హద్దు దగ్గర ఆ ప్రాంతానికి నిర్ణయించిన శబ్ద పరిమితి కంటే 10 డీబీ ఎక్కువ గానీ 75 డీబీ గానీ, ఏది తక్కువైతే అది దాటకూడదు. దగ్గరగా పెట్టిన నాలుగు బాక్సులు తక్కువలో మోగితే ఇటు జనానికీ వినపడుతుంది, అటు పక్క వీధివాళ్ళూ పడుకుంటారు.

ఇక యాంప్ ఎంత ఉండాలి. బాక్సు ఆర్‌ఎంఎస్ 400 అంటే ప్రోగ్రామ్ 800, పీక్ 1600 అని పక్కనే వేస్తారు చూడు, అదేం మాయ కాదు. బాక్సుల్ని పరీక్షించేది 6 డీబీ తేడా ఉన్న నాయిస్‌తో, అంటే సగటు 400 అయితే పీక్ నాలుగింతలు 1600, ఆ పీక్ కోయకుండా ఇవ్వాలంటే 800 వాట్ల యాంప్ కావాలి. అందుకే కంపెనీలవాళ్ళు రెండింతలు వాడమంటారు. పక్కన నువ్వే కూర్చుని, మైక్, లైవ్ పాట, పీటల మీద మంగళవాద్యం లాంటివి నడిపితే అది సరైన సలహానే. కానీ ఇప్పటి డీజే పాటలు స్టూడియోలోనే బాగా నొక్కేసి వస్తాయి, తేడా 6, 7 డీబీ మించి ఉండదు, వాటితో 800 వాట్ల యాంప్ ఫుల్‌లో నడిస్తే బాక్సుకి నిజంగానే 400 వాట్స్ గంటల తరబడి వెళ్తుంది, మే నెల గుంటూరు ఎండలో అది నేను ఒప్పుకోను. నీలాగా రెంట్‌కి ఇచ్చేవాళ్ళకి, చెయ్యి ఎవరిదో తెలియని చోట, నేను చెప్పేది 8 ఓమ్స్‌కి చానల్‌కి 500 నుంచి 600, లిమిటర్ (పవర్ ఓ హద్దు దాటకుండా ఆపేది) ఉండాలి, ఆ లిమిటర్ ఆన్‌లో ఉండాలి.

లిమిటర్ ఎక్కడ కట్టాలో మల్టీమీటర్‌తో తెలుసుకోవచ్చు. 400ని 8తో గుణించి వర్గమూలం తియ్యి, 56 వోల్ట్స్ చిల్లర. బాక్సులు పీకేసి, 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, యాంప్ అవుట్‌పుట్ మీద మీటర్ ఏసీ వోల్ట్స్‌లో పెట్టి, ఎంత తోసినా 56 దాటకుండా లిమిటర్ దించు. ఆ వోల్టేజ్ చేతికి తగిలితే గట్టిగానే కొడుతుంది, ఆన్‌లో ఉండగా టెర్మినల్స్ ముట్టుకోవద్దు.

యాంప్ కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాల అంకె నమ్మొద్దు. 2000 అని ఉంటే అది రెండు చానల్స్ కలిపి, 4 ఓమ్స్‌కో, బ్రిడ్జ్‌లోనో (రెండు చానల్స్‌నీ కలిపి ఒకటిగా నడపడం) అయ్యుంటుంది. వెనక తిప్పి "8 ఓమ్స్, ఒక్కో చానల్" అన్న వరస ఎంతో అదొక్కటే చూడు. పీఎంపీఓ (ప్రకటన కోసం పెంచి రాసే పీక్ అంకె) అని ఉన్నది అసలు లెక్కలోకి తీసుకోకు. అసెంబుల్డ్ యాంప్ తీసుకుంటే, 5200, 1943 ట్రాన్సిస్టర్లు ఇన్ని జతలు వేశాం అని చెప్తారు, జతల కంటే ముందు డీసీ సప్లై ఎంతో అడుగు. ప్లస్ మైనస్ 50 వోల్ట్స్ ఉంటే 8 ఓమ్స్‌కి 140 వాట్స్ లోపే, 70 ఉంటే 270 చుట్టుపక్కల, ఎన్ని జతలు వేసినా వోల్టేజ్ లేకుండా వాట్స్ రావు. ట్రాన్స్‌ఫార్మర్ 12-0-12, 5 ఆంప్స్ అయితే మొత్తం 120 వీఏ, దానిలోంచి వెయ్యి వాట్స్ ఎవరూ తియ్యలేరు. కొలవాలంటే మెకానిక్‌తోనే కొలిపించు, కెపాసిటర్లలో ఆఫ్ చేశాక కూడా చార్జ్ ఉంటుంది.

ఓమ్స్ సంగతి. నాలుగు బాక్సులు అయ్యాక స్పీకాన్ లింక్ (బాక్సు నుంచి ఇంకో బాక్సుకి తగిలించే సాకెట్) ఉంది కదా అని ఒకదాని వెనక ఒకటి తగిలించేస్తారు. 8 ఓమ్స్‌వి రెండు కలిస్తే 4, మూడు కలిస్తే 2.7, నాలుగు కలిస్తే 2. చాలా యాంప్‌లు 4 దాకానే, కొన్ని 2 దాకా. బ్రిడ్జ్ చేస్తే ఒక్కో చానల్‌కి కనిపించేది సగమే, 8 ఓమ్స్ బాక్సు పెట్టినా లోపల అది 4 లాగే మోస్తుంది, అందుకే బ్రిడ్జ్‌లో 4 ఓమ్స్ బాక్సు పెట్టి ప్రొటెక్షన్‌లోకి వెళ్తోందని నా దగ్గరకి తెస్తుంటారు. 8 ఓమ్స్ బాక్సుతో పాటు పాత 4 ఓమ్స్‌ది ఒకే చానల్ మీద కలపకు, 4 ది రెండింతల పవర్ లాగేస్తుంది, అదే ముందు పోతుంది. మీటర్‌తో చూస్తే 8 ఓమ్స్ బాక్సు 6, 6.5 చూపిస్తుంది, కంగారు పడొద్దు. గుడి దగ్గరా చర్చి దగ్గరా హారన్లకి వాడే 100 వోల్ట్స్ లైన్ వేరు, అక్కడ ఓమ్స్ లెక్క కాదు, ఒక్కో హారన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టిన వాట్స్ అన్నీ కూడి యాంప్ వాట్స్‌లో ఎనభై శాతం దాటకుండా చూస్తే చాలు, ఆ టెర్మినల్‌కి మాత్రం మామూలు బాక్సు ఎప్పుడూ తగిలించకు.

వైరు గురించి ఎవరూ అడగరు గానీ నాకు దీని మీద కోపం ఎక్కువ. 1 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్) వైరు 30 మీటర్లు లాగితే రానూ పోనూ 60 మీటర్లు, 1 ఓమ్ పైన రెసిస్టెన్స్ వస్తుంది. దాని చివర 4 ఓమ్స్ లోడ్ ఉంటే బాక్సుకి చేరేది మూడింట రెండు వంతుల కంటే కూడా తక్కువ, మిగతాది వైరు వేడికీ పోతుంది, యాంప్ అంత ఇవ్వలేకపోవడానికీ పోతుంది. వేలకి వేలు పోసి యాంప్‌లో 3 డీబీ కొని, వైరులో 2 డీబీ పారేసుకోవడం ఎందుకు? 2.5 స్క్వేర్ వేస్తే 0.4 ఓమ్‌కి వస్తుంది. యాంప్‌ని బాక్సుల దగ్గర పెట్టి మిక్సర్ నుంచి సిగ్నల్ వైరు దూరం లాగితే ఇంకా మంచిది.

జనరేటర్ కూడా. కోటప్పకొండ తిరునాళ్ళకి ఓ ప్రభ దగ్గర, చాలా ఏళ్ళ కిందట, లైట్లకీ సౌండ్‌కీ ఒకటే జనరేటర్ ఇచ్చారు. సాయంత్రం బాగానే ఉంది, చీకటి పడి ప్రభ మీద లైట్లన్నీ వెయ్యగానే 230 ఉండాల్సింది 190కి దిగింది. నా యాంప్‌లో మామూలు ట్రాన్స్‌ఫార్మర్, దానితో పాటు లోపలి సప్లై కూడా దిగింది, అంటే అప్పటిదాకా క్లిప్ కాని లెవెల్ ఇప్పుడు క్లిప్. నేను కిందకి దిగి టీ తాగుతున్నా, లైటు వెలుగుతున్నది చూడలేదు, తిరిగొచ్చేసరికి నాలుగిట్లో మూడు యూనిట్లు మాడిపోయాయి. వోల్టేజ్ 17 శాతం పడితే యాంప్ ఇవ్వగలిగే పవర్ మూడో వంతు పోతుందని అప్పటిదాకా నేనెప్పుడూ లెక్క వేసుకోలేదు. అప్పటినుంచి ర్యాక్‌లో వోల్ట్ మీటర్ లేకుండా బయటికి వెళ్ళను.

రాత్రి గడిచేకొద్దీ "ఇందాకటి సౌండ్ లేదు" అంటారు చూడు, అది వాళ్ళ భ్రమ కాదు. రాగి తీగ డిగ్రీకి 0.39 శాతం చొప్పున రెసిస్టెన్స్ పెరుగుతుంది, కాయిల్ 200 డిగ్రీలు వేడెక్కితే 6 ఓమ్స్ ఉన్నది 10 దాటుతుంది, అదే వోల్టేజ్‌కి తక్కువ పవర్ తీసుకుంటుంది, సౌండ్ నిజంగానే తగ్గుతుంది. అప్పుడు పెంచితే ఇంకా వేడెక్కుతుంది. అప్పుడు చెయ్యాల్సింది ఓ పావుగంట భోజనాల టైంలో మెల్లగా వాద్య సంగీతం పెట్టి బాక్సుల్ని చల్లారనివ్వడం. నీవి తొమ్మిదిన్నరకి పోయాయి అన్నావు, బహుశా అంతకు ముందు గంట నుంచే తగ్గినట్టు అనిపించి పెంచుతూ వచ్చి ఉంటారు, ఆపరేటర్‌ని అడుగు.

కాబట్టి ఆ 250 వాట్ల యాంప్ అమ్మకు. ఏసీ ఫంక్షన్ హాల్లో, 200 మంది లోపు, అది నీ బాక్సులకి చక్కగా సరిపోతుంది. డబ్బులుంటే ముందు ఇంకో రెండు బాక్సులు, డిలే ఉన్న చిన్న ప్రాసెసర్, ఆ తర్వాతే 500, 600 వాట్ల యాంప్. అది వచ్చాక పాతదాన్ని మధ్యలో పెట్టే డిలే బాక్సులకి వాడుకో.

ప్రస్తుతానికి డయాఫ్రమ్‌లు రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఓమ్స్‌వి తీసుకో, పాతదాని మీద అంకె చూసి. కొత్తది పెట్టే ముందు మ్యాగ్నెట్ గ్యాప్‌లో మాడిన ముక్కలు, ఇనుప పొడి ఉంటాయి, సెల్లో టేప్‌ని జిగురు రెండు పక్కలా బయటికి వచ్చేలా మడిచి గ్యాప్ అంతా నెమ్మదిగా తిప్పుతూ తియ్యి, టేప్ శుభ్రంగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చెయ్యి. ప్లస్ మైనస్ రెండు బాక్సుల్లోనూ ఒకేలా ఉండాలి. స్క్రూలు ఒకటి పూర్తిగా బిగించి ఇంకోటి కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ, తక్కువ సౌండ్‌లో 1500 హెర్ట్జ్ నుంచి పైకి టోన్ తిప్పి విను. ఎక్కడైనా గరగర వస్తే కాయిల్ గ్యాప్‌కి తగులుతున్నట్టే, స్క్రూలు వదులు చేసి డయాఫ్రమ్ కొంచెం జరిపి మళ్ళీ బిగించు. పాతదాని కాయిల్ ఏ రంగులో ఉందో మాత్రం పారేసే ముందు ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తా.